నాలుగో మూల

మా గదిలో తూర్పు గోడ మీద కోహ్‌బర్ ఉంది. మా మిథిలలో కొత్త దంపతుల గదికి ఎవరింట్లోనైనా రాసే గోడబొమ్మే. నడుమ వెదురు పొద, దాని చుట్టూ తామరాకులు, ఆకుల సందుల్లో చేపలు, తాబేళ్ళు, పైన చిలకల జంట. కాని మా గోడ మీద ఉన్నంత అందమైనది మధుబని జిల్లా మొత్తంలో లేదని నా గట్టి నమ్మకం. పెళ్ళై ఆరు నెలలు దాటినా పొద్దున్నే కళ్ళు తెరిచి మొదట దాన్నే చూస్తాను. చిలకల్లో ఒకటి రెండోదాని వైపు ఓరగా చూస్తూ ఉంటుంది. అది మీరేనని మా ఆయన శశిభూషణ్‌తో చెబితే, నా ముక్కు అంత వంకరగా ఉంటుందా అని అద్దం వెతుక్కున్నారు. అలాంటి మనిషితో ఉంటే పొద్దెప్పుడు గడుస్తుందో తెలియదు.

కోహ్‌బర్‌కు నాలుగు మూలలా నైనా జోగిన్ ఉండాలి. ముసుగులోంచి ఒక్క కన్ను మాత్రమే కనిపించే ఆడమనిషి. కొత్త జంటకు దిష్టి తగలకుండా కాపలా కాసేది ఆవిడే. మా గోడకు మొదట మూడు మూలల్లోనే ఉన్నారు. కిటికీ పక్కన నాలుగో మూల ఖాళీ. అది కనిపించకుండా మా అత్తగారు అక్కడ ఒక ఎరువుల దుకాణం క్యాలెండరు తగిలించారు.

ఆ గోడ రాసింది మా తోడికోడలు కుముద్ దీదీ.

దీదీకి పెళ్ళై ఎనిమిదేళ్ళ దాకా పిల్లలు లేరు. ఊళ్ళో ఆమె చేతిని మించిన చేయి లేదని అందరూ ఒప్పుకునేవారు. అయినా పెళ్ళి ఇళ్ళలో కోహ్‌బర్ రాసేటప్పుడు ఆమెను లోపలికి పిలిచేవారు కాదు. ఒడి నిండని చేయి కొత్త జంట గోడను తాకకూడదు. దీదీ బయట అరుగు మీద కూర్చుని రంగులు నూరి లోపలికి పంపేదట. లోపల ఎవరెవరో వంకర గీతలు గీస్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేదట. కాగితాల మీద రాసుకోవడానికి మాత్రం అడ్డు లేదు. ఎనిమిదేళ్ళూ కాగితాల మీదే రాసింది.

కూతురు బుచ్చీ పుట్టాక ఆమె చేతికి దొరికిన మొదటి గోడ మాది. వెదురు పుల్లను మసిరంగులో ముంచి, ఊపిరి బిగపట్టి, గీత చివర వరకూ పోయాకగాని ఊపిరి వదలదు దీదీ. మధ్యలో వదిలితే గీతలో తెలిసిపోతుందంటుంది. మూడు మూలలూ అలాగే రాసింది. నాలుగోది మొదలుపెడుతుండగా పక్క గదిలో మూడు నెలల బుచ్చీ ఏడ్చింది. దీదీ లేవకుండా పుల్ల ముంచబోయింది. ఈలోగా జాకెట్టు ముందు భాగమంతా పాలతో తడిసిపోయింది. పుల్ల పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ మూలకు తీరిక దొరకలేదు. ఎప్పుడడిగినా "రేపు నూతన్, రేపు" అనేది. ఎనిమిదేళ్ళు తీరిక ఉంది, గోడ లేదు. ఇప్పుడు గోడ ఉంది.

ఇవన్నీ నాకు దీదీయే చెప్పింది, తామర కాడలు తరుగుతూ, నవ్వుతూ. ఆమె నవ్వితే నేనూ నవ్వేదాన్ని. దర్భంగా కాలేజీలో వృక్షశాస్త్రం చదివి వచ్చానన్న మాటేగాని అప్పటికి నాకు ప్రతిదీ ముచ్చటే. మడుగులోంచి మఖానా గింజలు ఏరేవాళ్ళు బుట్టల్ని నెత్తిన పెట్టుకుని నడిచే తీరు ముచ్చట. మామయ్యగారి కాలం నాటి గడియారం తప్పు గంట కొట్టడం ముచ్చట. బుచ్చీ నా గాజులు పట్టుకుని లాగడం అన్నిటికంటే ముచ్చట.

దసరా వెళ్ళాక పట్నా నుంచి ఒక మనిషి వచ్చాడు. అక్కడ కొత్తగా కట్టిన సభాభవనంలో గోడల మీద మిథిల బొమ్మలు రాయిస్తున్నారట. ఆయన వెతుక్కుంటూ వచ్చింది మా అత్తగారిని. ఇంద్రకళా దేవి అంటే ఎరగనివాళ్ళు లేరు. బొమ్మలకుగాను ఆవిడకు వచ్చిన తామ్రపత్రం అద్దాల బీరువాలో పెళ్ళి పట్టుచీర పక్కనే ఉంటుంది. రెండేళ్ళుగా ఆవిడ చేయి వణుకుతోంది. అప్పటినుంచీ గీతలు దీదీవి, కింద పేరు మాత్రం అత్తగారిది.

పట్నా మనిషి ఎదురుగా అత్తగారు తన కుడిచేయి చాపి పట్టుకున్నారు. అది ఆకులా ఆడుతోంది.

"చూశావుగా బాబూ. దీనితో గోడ ఏం రాస్తాను. నా పెద్దకోడలు రాస్తుంది. తన పేరుతోనే రాస్తుంది."

వంటింట్లో దీదీ బాణలిలో చేప ముక్కలు తిప్పడం మరిచిపోయింది. మాడు వాసన నాకు తెలుస్తోంది, ఆమెకు తెలియడం లేదు. తలుపు చాటు నుంచి అడిగింది.

"గోడ ఎంత ఉంటుంది?"

"మీ వాకిట్లో తాటిచెట్టుందే, అంత ఎత్తు ఉంటుంది దీదీ. మాఘమాసం దాకా అక్కడే ఉండాలి. ఆడవాళ్ళందరికీ ఒకే చోట వసతి. ఒక్కటే మాట, చంటిపిల్లల్ని తేకూడదు. పరంజాలు, దుమ్ము, రంగులు. మొన్న ఒకావిడ తెస్తే పంపించేశాం."

దీదీ మాడిన ముక్కలు పళ్ళెంలోకి తీసి, "ఇవి మనం తిందాం, వీళ్ళకి వేరేవి వేయించు" అని నాతో అంది. 

"నేనున్నానుగా దీదీ. బుచ్చీని నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాట అనడం నాకు ఎంత సులువుగా ఉందో. నిజంగా అంతకంటే ఇష్టమైన పని నాకింకోటి లేదు.

ఆ సాయంత్రం బావగారు భోజనానికి కూర్చున్నారు. మణిభూషణ్ గారికి బజారులో మందుల దుకాణం ఉంది. తమ్ముడి భార్యనైన నేను ఆయనకు ఎదురుపడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు, ఆయన మా గది గడప దాటకూడదు. అలాగని ఒకే ఇంట్లో మాటలు లేకుండా కుదురుతుందా. అందుకని ఇద్దరం బుచ్చీతో మాట్లాడేవాళ్ళం. అది ఇద్దరి మధ్యా దోగాడుతూ ఉండేది. ఈ పద్ధతి నాకు ఎంతో సరదాగా ఉండేది.

ముసుగు లాక్కుని తలుపు చాటున నిలబడి మొదలుపెట్టాను. "బుచ్చీ, మీ నాన్నగారితో చెప్పు. అమ్మ పట్నా వెళ్తే పిన్ని నిన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటుందని."

ఆయన పప్పులో అన్నం కలుపుతూ బుచ్చీ వైపు చూశారు. "బుచ్చీ, మీ పిన్నితో చెప్పు. పిల్లలంటే గోడమీద చిలకలు కాదు, పెట్టిన చోట ఉండడానికి అని."

"బుచ్చీ, చిలకలకు మల్లే నువ్వూ ముద్దుగానే ఉన్నావని చెప్పు."

దీదీ నవ్వు ఆపుకోలేక మజ్జిగ ఒలకబోసింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఎడం చేత్తో చొక్కా మడత పైకి లాగారు. మోచేతి కింద తోలు ముడతపడి, మెరుస్తూ, అరచేయంత మచ్చ.

"బుచ్చీ, ఇది చూడు. నేను నీకంటే కాస్త పెద్దవాణ్ణి. మసి పట్టడానికి మీ నానమ్మ దీపం వెలిగించి పక్కన పెట్టుకుంది. నేను చేయి పెట్టాను. మీ నానమ్మ తాబేలు రాస్తోంది. గీత పూర్తయ్యాక లేచింది."

పక్క మంచం మీద పడుకున్న అత్తగారు అటు తిరిగే అన్నారు. "తాబేలు కాదు. చేప."

బావగారు చొక్కా మడత దించుకున్నారు.

"ఆ చేపకే నాకు తామ్రపత్రం వచ్చింది" అన్నారావిడ మళ్ళీ.

బావగారు చేయి కడుక్కున్నారు. లేస్తూ దీదీతో అన్నారు. "నేను ఆపను. ఆపితే ఊరంతా నన్నే అంటుంది. వెళ్ళు. పెద్దయ్యాక దాని మచ్చ అదే చూపించుకుంటుంది."

అంత కటువుగా మాట్లాడిన మనిషి మర్నాడు దుకాణం నుంచి పాలసీసా, మెత్తటి రబ్బరు పీకలు తెచ్చి గూట్లో పెట్టారు. ఆయన్ని ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

బుచ్చీ చేత పాలు మాన్పించడం మొదలైంది. దీదీ వేపాకు నూరి, ఆ పసరు రొమ్ములకు రాసుకుంది. బుచ్చీ ఆత్రంగా నోరు పెట్టి, వదిలేసి, తల్లి మొహంలోకి చూసింది. ఏడవలేదు. నాలిక బయటపెట్టి కాసేపు అలాగే చూసింది. మళ్ళీ నోరు పెట్టింది, మళ్ళీ వదిలింది. దీదీ పమిట కప్పుకుని, "ఇలా తీసుకో" అని నాకిచ్చేసి పెరట్లోకి పోయింది. నేను సీసా పట్టాను. తాగింది. ఎంత సంబరపడ్డానో. రాత్రి శశిభూషణ్‌తో, మనకు పుట్టకముందే మనకో కూతురు అని చెప్పి నవ్వించాను.

ఆ కార్తికం నాకు బాగా గుర్తు. మధ్యాహ్నాలు దీదీ వాకిట్లో పాత వార్తాపత్రికలు అతికించి పరిచి, వాటి మీద పట్నా గోడ రాసుకునేది. మోకాళ్ళ మీద పాక్కుంటూ, అటూ ఇటూ జరుగుతూ, వేళ్ళన్నీ నల్లగా. ఆమె ఒళ్ళు తేలికైనట్టుండేది. నేను బుచ్చీని చంకనేసుకుని చుట్టూ తిరిగేదాన్ని. బొమ్మ నిండా పెద్ద కోహ్‌బర్ గది, లోపల పాటలు పాడుతూ రాస్తున్న ఆడవాళ్ళు. ఎడమ పక్కన, గోడ బయట, ఒకామె కూర్చుని రంగు నూరుతోంది. అందరికంటే పెద్దగా ఉంది ఆమె. ముసుగు లేదు. రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి.

"ఇదెవరు దీదీ?"

"బయట కూర్చున్నది" అంది.

"నువ్వేగా."

"ఇంతవరకూ ఎవరూ రాయలేదు దీన్ని. నూరిన రంగు ఎక్కడినుంచి వస్తుందో ఏ గోడ మీదా లేదు. తాటిచెట్టంత ఎత్తున రాస్తాను. పట్నా వచ్చినవాళ్ళందరూ మొదట దీన్నే చూడాలి. కింద నా పేరు." పుల్ల నోట్లో పెట్టుకుని, పళ్ళ మధ్య నుంచే మళ్ళీ అంది, "వెళ్ళే ముందు నీ నాలుగో మూల పూర్తి చేసి పోతాను. మాట ఇస్తున్నా."

ఆ మాట విని క్యాలెండరు తీసేశాను.

ఇక నా సంగతి. ఒక పొద్దున వంటింట్లో ఆవనూనె కాగుతుంటే, ఎంతో ఇష్టమైన ఆ వాసనకే కడుపులో తిప్పింది. మర్నాడూ అంతే. గర్భం పరీక్షించే చీటీ కొనాలి. అన్నగారి దుకాణంలో అడగడానికి శశిభూషణ్‌కు సిగ్గు. మోటారుసైకిలు మీద పక్క ఊరికి పోయి కొనుక్కొచ్చారు. ఆ దుకాణదారు బావగారి స్నేహితుడట. మేమింకా ఆ చీటీ మీద గీతలు లెక్కపెట్టుకుంటుండగానే, వాకిట్లో బావగారి గొంతు వినిపించింది.

"బుచ్చీ, మీ బాబాయితో చెప్పు. ఇంట్లో దుకాణం పెట్టుకుని పరాయి దుకాణానికి లాభం చేసేవాణ్ణి నేనెక్కడా చూడలేదని."

సిగ్గుతో చచ్చిపోయాం. సంతోషంతో మంచం మీద పడి నవ్వాం. శశిభూషణ్ నా తల కోహ్‌బర్ వైపు తిప్పి, "ఇప్పుడు మూడో చిలక ఎక్కడ పడుతుందో చూడు" అన్నారు. ఆ రోజంతా నేను నేలమీద నడిచినట్టు లేదు.

అత్తగారు నా తల మీద గరికపోచలు, అక్షింతలు వేసి దీవించారు. పాయసం చేయించారు. నేను తింటుంటే పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నారు. ఆవిడ నన్ను పిలిచేది కనియా అనే, అంటే కొత్త కోడలా అని.

"కనియా, ఇవాళ్టి నుంచి బుచ్చీని ఎత్తుకోకు. కడుపుతో ఉన్నదాని నీడ పాలు తాగే పిల్ల మీద పడితే పిల్ల ఎండిపోతుంది. ఈ ఇంట్లో ఒకసారి చూశాం."

గిన్నె కింద పెట్టి దీదీ వైపు చూశాను. దీదీ పళ్ళాలు తోముతోంది. ఎనిమిదేళ్ళు ఒడి నిండలేదని అరుగు మీద కూర్చోబెట్టారు ఆమెను. ఇప్పుడు నా ఒడి నిండిందట.

"నీడలు చూసుకుంటూ కూర్చుంటే గోడలెవరు రాస్తారు అమ్మా?" అంది దీదీ, తోమడం ఆపకుండా. "బుచ్చీ పాలు మానేసింది. సీసా తాగుతోంది. ఏ నీడా దాన్నేం చేయదు."

"సీసావి కూడా పాలేగా" అన్నారావిడ.

"అయితే మీరు చూసుకోండి. నానమ్మ నీడకు అభ్యంతరం లేదుగా."

అత్తగారు చేయి చాపి చూపించారు, పట్నా మనిషికి చూపించినట్టే. "ఈ చేతులతోనా? చెంచాడు పాలు పట్టేలోగా సగం మెడమీద పోస్తాను."

నేను నమ్మలేదు. చెట్ల నీడలు, మనుషుల నీడలు, వెలుతురు లేకపోతే ఉండనే ఉండని నీడలు. వీటికి పిల్లలెలా ఎండుతారు. ఆ మాటే దీదీతో అన్నాను. "తెలుసు, పిచ్చిదానా" అంది. మర్నాడు అత్తగారు చూడనప్పుడు బుచ్చీని నా దగ్గరే వదిలింది.

ఆ వారంలోనే బుచ్చీకి విరేచనాలు పట్టుకున్నాయి. బుగ్గలు జారిపోయాయి. మెడ కింద ముడత సన్నబడింది. బావగారు పొడి మందు తెచ్చారు. నీళ్ళు ఎంత మరిగించాలో దీదీకి వివరంగా చెప్పారు.

"సీసా పాలు పడలేదు, అంతే. పది మంది పిల్లల్లో ఆరుగురికి పడవు. సర్దుకుంటుంది. అమ్మ మాటలు పట్టించుకోకు" అన్నారు. ఆయన ఆ మాట అంటుంటే తలుపు చాటున ఉన్న నాకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

విరేచనాలు కట్టాయి. బుగ్గలు మాత్రం తిరిగి రాలేదు. రోజూ పొద్దున్నే దీదీ బుచ్చీ ముంజేతిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని చూసేది. చూసి వదిలేసేది.

బండి వచ్చే పొద్దు రానే వచ్చింది. మంచు పట్టింది, తరవాత తెల్లగా ఎండ వచ్చింది. దీదీ పసుపు అంచు చీర కట్టుకుంది. వార్తాపత్రికల చుట్టను గుడ్డలో చుట్టి, వెదురు పుల్లల కట్ట సంచిలో పెట్టుకుంది. నాలుగో మూల ఇంకా ఖాళీగానే ఉంది. "వచ్చాక, నూతన్" అంది, తలదించుకుని. వాకిట్లో తెల్లటి బండి ఆగింది. పట్నా మనిషి దిగి సంచి అందుకున్నాడు. బావగారు అరుగు చివర నిలబడ్డారు, దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని. అత్తగారు గుమ్మంలో ఉన్నారు. శశిభూషణ్ బండి తలుపు తెరిచి పట్టుకుని, "ఎక్కండి భౌజీ, పట్నా వాళ్ళకి మన ఊరి చేయి చూపించండి" అన్నారు.

దీదీ బుచ్చీని ముద్దుపెట్టుకుంది. నా దగ్గరికొచ్చింది. నేను రెండు చేతులూ చాపాను.

నా వెనకే సూర్యుడు. నా నీడ వాకిలి పొడవునా సాగి, దీదీ పాదాల మీదుగా, చీర మీదుగా పోయి, బుచ్చీ మొహం మీద పడింది. ఎండ కళ్ళలో పడి చికిలిస్తున్న పిల్ల, నీడ పడగానే కళ్ళు పూర్తిగా తెరిచింది. దీదీ ఆ నీడను చూసింది. నేను పక్కకు జరిగాను. నాతో పాటే అదీ జరిగింది.

"ఇవ్వు దీదీ."

ఆమె బిడ్డను నా చేతుల దాకా తెచ్చింది. బుచ్చీ బరువు సగం నా అరచేతుల మీద ఆనింది. మిగతా సగం రాలేదు. దీదీ వేళ్ళు బిడ్డ చంకల కింద బిగుసుకుని ఉన్నాయి. మసి దిగిన గోళ్ళు తెల్లబడ్డాయి.

"నీడల మీద నాకు నమ్మకం లేదు" అంది దీదీ. "ఒట్టు, నూతన్, నాకు నమ్మకం లేదు." అంటూనే ఉంది, వదలడం లేదు.

ఎవరూ ఆమెను ఆపలేదు. అది నేను కళ్ళారా చూశాను. బావగారు ఒక్క మాట అనలేదు. అత్తగారు అనలేదు. పట్నా మనిషి గడియారం చూసుకున్నాడుగాని తొందర పెట్టలేదు. అంతమంది నిలబడి ఆమె వెళ్ళడం కోసమే చూస్తున్నారు. ఆమె బిడ్డను వెనక్కి లాక్కుని, భుజాన వేసుకుని, లోపలికి పోయింది. నా చేతులు అలాగే చాచి ఉన్నాయి. ఎప్పుడు దించానో గుర్తు లేదు.

అత్తగారు గుమ్మం దిగారు.

"బండి ఖాళీగా పోకూడదు" అన్నారు. "కనియా, నా శాలువా తీసుకురా. బీరువాలో తామ్రపత్రం పక్కన ఉంటుంది."

"అమ్మా, నీ చేయి?" అన్నారు శశిభూషణ్.

"వణికితే వణుకుతుంది. ఈ వయసులో వణికినా అదొక పద్ధతి అంటారు. రంగులు నింపేవాళ్ళు అక్కడ బోలెడుమంది." బావగారి వైపు తిరిగారు. "ఏరా, ఇప్పుడు నాకు చంటిపిల్లలు లేరుగా. ఎవరి చేయీ కాలదు. వెళ్ళనా?"

బావగారు తాళాలు జేబులో వేసుకుని బజారు దారి పట్టారు.

అత్తగారు బండి ముందు భాగం మీద వార్తాపత్రికల చుట్ట విప్పి చూశారు. దీదీ అప్పటికి మళ్ళీ బయటికి వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉంది.

"చాలా బాగుంది కుముద్" అన్నారావిడ, నిజంగానే. ఎడమ పక్కన వేలు పెట్టారు. "ఈ బయట కూర్చున్నదెవరు?"

దీదీ చూపు ఆ వేలి మీదే ఉంది. "ఎవరూ కాదు."

"అయితే తీసేస్తాను. ఇక్కడ చేప బాగా పడుతుంది."

బండి వెళ్ళిపోయింది. అత్తగారు నిజంగా ఆ నీడను నమ్మి చెప్పారో, నమ్మించడానికే చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. పక్కనే కూర్చుని నా జడ వేసేటప్పుడు ఆవిడ చేయి ఎంత వణికినా పాయ ఒక్కటి జారదు. అదొక్కటే తెలుసు.

దీదీ నూతి దగ్గర కూర్చుని వేపపసరు పోయేలా రొమ్ములు కడుక్కుంది. గోరువెచ్చటి నీళ్ళతో, సున్నిపిండితో, ఎర్రగా కందిపోయేదాకా. వచ్చి బుచ్చీకి పాలివ్వబోయింది. బుచ్చీ మూతి దగ్గరికి రాగానే మొహం తిప్పేసుకుంది. దీదీ మళ్ళీ తిప్పింది. అది నాలిక బయటపెట్టింది, ఆ మొదటి రోజు లాగే. ఇక బలవంతం చేయలేదు. "సీసా కడుగు" అంది నాతో. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

నేను ఊరుకోలేక ఏదో మాట కలపబోయాను. మళ్ళీ ఎప్పుడో ఇంకో గోడ వస్తుంది దీదీ, బుచ్చీ కాస్త పెద్దదైతే, అన్నాను.

"నీకు గీయడం రాదు కదా నూతన్" అంది.

"రాదు."

"అదృష్టవంతురాలివి. నీ దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదు. నవ్వుతూ బిడ్డను కను."

ఆ మాట నాకు రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. వేవిళ్ళే అనుకున్నారు అందరూ.

మూడో రోజు మధ్యాహ్నం దీదీ కొబ్బరి చిప్పలో మసిరంగు, వెదురు పుల్ల పట్టుకుని మా గదిలోకి వచ్చింది. ఏమీ చెప్పకుండా కిటికీ పక్కన, నాలుగో మూల ముందు మఠం వేసుకుని కూర్చుంది. నా ప్రాణం లేచొచ్చింది. మంచం జరిపాను. కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచాను. ఆమె వేలితో గోడను ఒకసారి తడిమి, పుల్ల ముంచి, ఊపిరి బిగపట్టింది.

ముసుగు గీత నుదుటి దగ్గర మొదలై భుజం వైపు వంగుతోంది. అప్పుడు పక్క గదిలో బుచ్చీ లేచి ఏడ్చింది.

పుల్ల ఆగలేదు.

ఏడుపు పెరిగింది. నేను లేవబోయాను. దీదీ ఎడం చేయి గాలిలోకి లేచింది, వద్దన్నట్టు. నాకూ నీడ గుర్తొచ్చింది. నమ్మకం లేని నా చేయి నా పొట్ట మీదికి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. లేవకుండా అలాగే కూర్చున్నాను. భోజనానికి వచ్చిన బావగారి చెప్పుల చప్పుడు, పక్క గది తలుపు, ఆ తరవాత ఏడుపు దగ్గరైంది. బిడ్డను ఎత్తుకుని ఆయన మా గది గడప అవతలికి వచ్చారు. ముసుగు లాక్కున్నాను. గడప దాటకూడదు ఆయన. తలుపు తెర పక్కన ఆయన చేయి కనిపిస్తోంది. ఆ చేతిలో బుచ్చీ వెనక్కి విరుచుకుని, ఊపిరి తిరగనంతగా ఏడుస్తోంది.

"బుచ్చీ, మీ అమ్మను పిలువు" అన్నారాయన.

గీత భుజం దాటి వీపు మీదికి దిగింది. దీదీ తల తిప్పలేదు. ఆమె మెడ నరాలు ఉబ్బాయి.

"కుముద్."

ముసుగు అంచు పూర్తయింది. పుల్ల మళ్ళీ ముంచింది. కన్ను మొదలుపెట్టింది. పైరెప్ప ఒక గీత. కిందిరెప్ప ఒక గీత. బుచ్చీకి ఎక్కిళ్ళు వచ్చాయి, ఎక్కిళ్ళ మధ్య ఏడుపు. దీదీ చీర అంచు కూడా కదలడం లేదు. నల్లగుడ్డు నింపింది. అప్పుడు ఊపిరి వదిలింది.

పుల్లను గుడ్డతో తుడిచి, చిప్ప మీద అడ్డంగా పెట్టి లేచింది. గడప దాటి బిడ్డను తీసుకుంది. చొక్కా మడత కింద ఆయన మచ్చ దీదీ చేతికి ఆనుకుని ఉంది.

"గీత పూర్తయిందా?" అని అడిగారు బావగారు.

"అయింది" అంది దీదీ.

మూడు మూలల్లోనూ ఉన్న జోగిన్‌లు గోడలో కలిసిపోయి ఉంటారు, వెతికితేగాని కనపడరు. ఈ నాలుగో ఆమె అలా కాదు. గీత ఎక్కడా వణకలేదు. దీదీ ఇంతవరకూ రాసినవాటిలో అంతకంటే గొప్పది లేదని శశిభూషణ్ అన్నారు. నిజమే. ఎంత అందంగా ఉందో చెప్పలేను. కాని ఆ రాత్రి గదిలో ఎటు పడుకున్నా ఆ ఒక్క కన్ను నా పొట్ట వైపే చూస్తూ ఉంది.

మర్నాడు శశిభూషణ్‌తో చెప్పి ఆ క్యాలెండరు మళ్ళీ అక్కడే తగిలించాను.